కమ్మటి మట్టి

మా మేనత్తది మైదుకూరు పక్కన పల్లె. సెలవులొస్తే నేను ఆమె దగ్గరే ఉండేదాన్ని. తొలి చినుకులకు మట్టి వాసన లేస్తే చాలు, అత్త మట్టిగోడ పెళ్ల కొంచెం గిల్లి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. ఆ కాసేపు ఆమె ఈ లోకంలో ఉండేది కాదు.

"మట్టి ఎందుకు తింటావత్తా?"

"శానా కమ్మగా ఉంటాది పాపా," అని నవ్వేది. నాకూ నోరూరేది.

ఒక పొద్దున నీళ్లబిందెతో వస్తా వస్తా వాకిట్లో కూలబడింది. ఊరి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చి ఆమె కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నంలా తెల్లగా ఉంది. నెలసరి గురించి కూడా అడిగింది.

"ఒంట్లో రక్తం లేదమ్మా. మట్టి మీదికి మనసు పోయేది అందుకే. నెలనెలా అంత పోతాంటే చెప్పొద్దా?"

"ఆడోళ్లకు మామూలే అనుకున్యా," అంది అత్త నీరసంగా.

కడప ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. నెలల తరబడి మాత్రలు మింగింది.

మళ్లీ సెలవులకు నేను పోయిన రోజు వాన పడుతోంది. అత్త ముఖంలో కళ వచ్చింది. మాట్లాడుతూనే నన్ను వెలుగు వైపు తిప్పి, బొటనవేలితో నా కింది రెప్ప లాగింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీకూ తెల్లగానే ఉండాది. పా, నర్సమ్మ దగ్గరికి పోదాం."

వాన వెలిసేదాకా కూడా ఆగనియ్యలేదు.