చిన్నత్త "మస్తున్నది" అన్న కొండ

మా చిన్నత్త యమునాబాయికి నచ్చిన ఊరు ఈ భూమ్మీద ఇంతవరకు లేదు. కాశీ ఇరుకన్నది. ఊటీ చలన్నది. దుబాయ్‌లో ఆకాశాన్నంటే మేడల కింద నిలబడి, "గిన్ని కట్టిండ్రు గని ఒక్క ఇంటి ముంగట ముగ్గు లేదు" అన్నది. అట్లాంటి మనిషిని వెంటేసుకుని దేశాలు తిరగాలని ఎవరికైనా ఉంటుందా? మా ఆయన అంబదాస్‌కు ఉంటుంది.

మహారాష్ట్రలోని నాందేడ్‌లో, ఇత్వారా పేటలో మాకొక చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఆయన తిరుగుతాడు, బుకింగు కౌంటర్లో నేను కూర్చుంటాను. మా గిరాకీలో ఎక్కువమంది ఇక్కడి తెలుగు నేత కుటుంబాల వాళ్లు. చుట్టుపక్కల భోకర్, నాయ్‌గావ్‌ల నుంచి కూడా కొందరు వస్తారు. కొత్త ట్రిప్పు ఏది పెట్టాలన్నా ఆయన ముందుగా పోయి ఆ దారంతా చూసి వస్తాడు. వెంట చిన్నత్త ఉండాల్సిందే. మిగతా ట్రావెల్స్ వాళ్లు హోటల్ రేట్లు చూసుకుంటే, మా ఆయన చిన్నత్త మొహం చూసుకుంటాడు. ఆమె తిన్నది అందరూ తింటారని, ఆమె ఎక్కింది అందరూ ఎక్కుతారని ఆయన లెక్క. ఆమె ఎక్కలేకపోయిన చోటు మా ట్రిప్పులో ఉండదు. ఈ కట్టుబాటు ఊళ్లో అందరికీ తెలుసు. అడ్వాన్సు కట్టే ముందు ఆడవాళ్లు నన్ను అడిగేది ఒకటే మాట, "యమునాబాయి ఏమన్నది?"

గ్వాటెమాలా మోజు పెట్టింది మాత్రం లచ్చవ్వ. చిన్నత్తకు చిన్ననాటి స్నేహితురాలు, మా భజనీ మండల్‌కు పెద్ద గొంతు. మోకాళ్లు అరిగిపోయి సోఫాలోంచి లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలి. ఒకరోజు భజన అయిపోయాక ఎవరి ఫోన్లోనో ఒక వీడియో చూసింది. రెండు అమెరికాలకూ నడుమ ఉన్న చిన్న కొండల దేశమట. అక్కడ ఒకామె మగ్గాన్ని ఒక కొసన గుంజకు కట్టి, ఇంకో కొసన తన నడుముకు కట్టుకుని నేస్తోంది.

"ఏందే గిది! మగ్గం కొంగుకు కట్టుకున్నట్టే ఉన్నది," అని లచ్చవ్వ అరిచింది. మరమగ్గాలు వచ్చి ఇంట్లో మగ్గాలు పోయేదాకా వీళ్లంతా నేసిన చేతులే. ఫోను చేతులు మారుతూ చిన్నత్త దగ్గర ఆగిపోయింది. "మల్ల పెట్టు," అన్నది. మళ్లీ పెట్టారు. "ఇంకోపారి పెట్టు," అన్నది. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన్ని అడిగింది, "ఎప్పుడు పోదాం బిడ్డా?"

ఆమె నోట ఆ మాట మేము ఎన్నడూ వినలేదు. కాదనడమే పనిగా పెట్టుకున్న మనిషికి మొదటిసారి ఒకటి కావాలనిపించింది. మా ఆయన అప్పు చేసినట్టు మొహం పెట్టినా, లోపల పొంగిపోయాడు. వీసాలని, ఇంజక్షన్లని ముంబై చుట్టూ తిరిగి, ఆఖరికి ఇద్దరూ బయలుదేరారు.

అక్కడ ఏం జరిగిందో ఇద్దరినీ అడిగితే రెండు కథలు వస్తాయి. మా ఆయన కథలో పొద్దున్నే మంచు, పొగ వదిలే కొండలు, నిట్టనిలువు వాలు మీద మక్కచేలు, నీలం చెరువు, పెళ్లికూతుళ్లలా రంగులేసుకున్న పాత బస్సులు ఉంటాయి. చిన్నత్త కథలో చాయ్ లేకపోవడం ఒక్కటే ఉంటుంది. "అందరు కాఫీయే తాగుతరు. నా చాయ్‌పత్తి నేనే తీసుకపోయి వాళ్ల వంటింట్ల మరిగిచ్చుకున్న. వాళ్లు నన్ను చూసుడు, నేను వాళ్లను చూసుడు." మక్కరొట్టెల మీద మాత్రం ఆమెకు ఫిర్యాదు లేదు. మన జొన్నరొట్టెల్లాగే చేత్తో తడుతూ చేస్తారట. "జర మందం తగ్గియ్యాలె," అన్నది, అంతే.

అట్లా నడుముకు కట్టుకుని నేసేవాళ్ల ఊరు కొండ మీద ఉంది. వ్యాను కిందే ఆగిపోతుంది. పైకి రాళ్లు పరిచిన కాలిబాట. గైడు మతేయో కుర్రాడు కాదు, యాభై దాటిన మనిషి, అయినా మేకలా ఎక్కుతాడట. రేపు ట్రిప్పులో రాబోయే మా వాళ్లకు పైన భోజనం ఏర్పాటు మాట్లాడాలని అంబదాస్ అతనితో ముందు పోయాడు. "నువ్వు నడువు బిడ్డా, నేను మెల్లగ అస్త," అని చిన్నత్త వెనక బయలుదేరింది.

వాళ్లు తిరిగి దిగేసరికి ఆమె వ్యాను పక్కన నిలబడి ఉంది. పైన సంతరోజు జనంలో కలిసిపోయి, తమకంటే ముందే చూసి దిగిందనుకున్నాడు మా ఆయన.

"చూసినవా చిన్నమ్మా?"

"చూసిన. మస్తున్నది."

ఆ ముక్క ఆయన వెంటనే నాకు ఫోను చేసి చెప్పాడు, గొంతులో పండగ. నాకు మాత్రం అనుమానం తగిలింది. తాజ్‌మహల్‌ను "కడగాలె" అన్న మనిషి కొండను మస్తున్నది అంటుందా? అడగలేదు. ఆమె ఆ కొండ ఎక్కలేదు. ఇది నాకు తర్వాతే తెలిసింది గాని, మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. సగం దారిలో కాళ్లు మొరాయించాయి. ఆ సంగతి చెబితే మా కట్టుబాటు ప్రకారం ఆ ఊరు రద్దు. ఆ ఊరు లేకపోతే మా నేత ఆడవాళ్లకు ఆ దేశంతో పనేముంది, ట్రిప్పే రద్దు. ఆమె జీవితంలో కావాలనుకున్న ఒక్క ట్రిప్పు అది.

తిరిగొచ్చిన ఆదివారం మార్కండేయ మందిరం హాల్లో అందర్నీ పిలిచాం. మా ఆయన ఫోటోలు గోడ మీద వేసి చూపించాడు. కొండబాట ఫోటో రాగానే ఆడవాళ్లంతా ముందుకు వంగారు. "అరే దేవా, కితీ చఢ్ ఆహే," ఎంత నిటారుగా ఉందో అని వెనక నుంచి సుశీలాబాయి మరాఠీలో గుండె పట్టుకుంది.

లచ్చవ్వ ఫోటో వైపు చూడలేదు. పక్కన కూర్చున్న స్నేహితురాలి వైపు తిరిగింది. "నువ్వు ఎక్కినవా యమునా?"

చిన్నత్త పైటకొంగు సర్దుకుంది.

"నువ్వు ఎక్కినవంటే నేను గూడ ఎక్కుత. డాక్టరు వద్దన్నడు, కొడుకు వద్దన్నడు. నీ మాట మీద అస్త. చెప్పు."

హాలంతా ఆమె నోటి వైపే చూస్తోంది. మా ఆయన నవ్వుతూ ఉన్నాడు, ఏమీ తెలియని అమాయకుడు. చిన్నత్త లచ్చవ్వ మోకాళ్ల మీద చెయ్యి వేసింది.

"ఎక్కలే," అన్నది. "నాతోని గాలే. సగం కాడ కూసున్న. అంబదాసుకు గూడ అబద్ధం చెప్పిన."

మా ఆయన నవ్వు అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు. "గట్లైతే రద్దే గద చిన్నమ్మా?" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

"రద్దు చెయ్యి. నాకు పోవాలని ఎంత మనసున్నదో నీకు తెల్వది బిడ్డా. అయినా సరే. నా అబద్ధం మీద లచ్చవ్వను ఆ గుట్ట ఎక్కియ్యను." ఆమె కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదలు. నాకు ఆమె మీద కోపం రావాల్సింది, రాలేదు. ఇంత ముద్దుగా ఎన్నడూ అనిపించలేదు.

లచ్చవ్వ తన మోకాళ్ల మీదున్న ఆ చేతిని పట్టుకుంది. "మరి గంతసేపు సగం కాడ కూసుండి ఏం జేసినవే?"

"ఒకామె ఇంటి ముంగట అరుగున్నది. ఆమె పేరు తొమాసా. పిలిచి కూసోబెట్టింది. మగ్గం గుంజకు కట్టి ఉన్నది, నేస్తున్నది. నేను చూస్తుంటే తన నడుముకున్న పట్టీ ఇప్పి నాకు కట్టింది." చిన్నత్త రెండు చేతులూ ముందుకు చాచింది, పోగులు పట్టుకున్నట్టుగా. "వెనకకు ఒరిగితే పోగు బిగుస్తది. ముందుకు వంగితే వదులైతది. ఒళ్లే మగ్గం లచ్చవ్వా. మొదట రెండు పోగులు తెంపిన. నవ్వింది. ఎనకట నాకు పని నేర్పిన మా అత్త గూడ గట్లనే నవ్వేది. పైనుంచి వాళ్లు దిగుతుంటే కనవడేదాంక నేసిన, కనవడంగనే వాళ్లకంటె ముందుగాల కిందికి దిగిన. నా ఒళ్లు నొప్పులు గూడ యాదికి లేవు."

హాల్లో ఆడవాళ్లందరి చేతులూ ఒళ్లో కదులుతున్నాయి. వాళ్లకే తెలియకుండా కదులుతున్నాయి. లచ్చవ్వ చాలాసేపు ఆ గోడ మీది బాటను, దాని సగం దగ్గర కనిపిస్తున్న చిన్న పెంకుటింటిని చూసింది.

"యమునా, ఆ అరుగు మీద ఇంకొకలకు జాగ ఉంటదా?"

చిన్నత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేను జరుగుత తీ," అన్నది.