ఆరు టిక్కుల కురామొచి

మా ఊళ్లో బండ్లు బాగుచేసే కురామొచికి ఈ లోకంలో పవిత్రమైన అంకె ఒక్కటే: ఆరు. పికప్ బండి హ్యాండ్ బ్రేకు లాగితే టిక్కు టిక్కుమని ఆరుసార్లే మోగాలి. ఐదైతే చక్రాలు పట్టేసి వేడెక్కుతాయట. ఏడైతే బండి మనల్ని వదిలేసి సముద్రస్నానానికి పోతుందట. మా ఎహిమె కొండల మీద కమలాతోటలన్నీ సముద్రంలోకి దూకబోతున్నట్టే ఉంటాయి కాబట్టి, కాదనడానికి మాకు నోరుండేది కాదు.

ఓపిక కూడా ఉండేది కాదు. డిసెంబరు కోతల్లో నడుం విరిగి, ఇంటికెళ్లి వేడినీళ్ల తొట్టిలో కూలబడదామనుకునే వేళకు, నా బండి కిందనుంచి రెండు కాళ్లు కనబడేవి.

"కురామొచీ, నేను పిలవలేదే!"

"నువ్వు పిలవలేదు. నీ బండి పిలిచింది. ఆరున్నర ఉంది."

"అర టిక్కు ఎక్కడైనా ఉంటుందా?"

"నీలాంటివాళ్ల బండ్లలో ఉంటుంది."

ఇక నట్టు అర చుట్టు బిగించడం, బ్రేకు లాగడం, చెవి పెట్టి లెక్కపెట్టడం, మళ్లీ వదులు చేయడం. ఆఖరి పరీక్షకు, చక్రానికి పల్లపు వైపు ఒక కమలాపండు ఆనించి, పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చునేవాడు. తొక్క చిట్లిందా, కథ మళ్లీ మొదటికి. పండు నాది, పది నిమిషాలూ నావే. "ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా లెక్క తప్పానా?" అని పైగా దబాయింపు. తప్పలేదు. అదే మా ఏడుపు.

ఒక ఏడాది పండ్ల షెడ్డు ముందు త్సునెయో పిన్ని బండి దానంతటదే జారి, ఇరవై పెట్టెల కమలాలను తొక్కేసింది. పిన్నికి ఎనభై రెండు. మొగుడు పోయాక తోటంతా ఒక్కతే చూసుకుంటోంది. బండి లేకపోతే ఆమెకు తోట లేదు. షెడ్డు పెద్ద ఒచియాయికి అసలే అలసట, దానిమీద ఒళ్లు మండింది.

"ఇక చాలు పిన్నీ. రేపే వెళ్లి లైసెన్సు అప్పగించెయ్."

పిన్ని తన చేతులకేసి చూసుకుంది. ఆ వంకర్లు పోయిన వేళ్లు బ్రేకును మూడు టిక్కులకు మించి లాగలేవని మాకందరికీ తెలుసు.

కురామొచి బండెక్కి బ్రేకు లాగాడు. నేను కిటికీ పక్కనే ఉన్నాను. సరిగ్గా ఆరు మోగాయి. దిగి, టోపీ తీసి, అందరి ముందూ నడుం దాకా వంగాడు.

"తప్పు నాది. పోయినవారం బిగించింది నేనే. లెక్క తప్పాను."

బండి తప్పయితే మనిషి లైసెన్సు ఎలా అడుగుతారు? ఒచియాయి గొణుక్కుంటూ చీపురందుకున్నాడు. ఇన్నేళ్లు తిట్టుకున్న మనిషి మీద నాకు ఆ క్షణాన ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు చూస్తే, పిన్ని బండిలో బ్రేకు పిడికి జానెడు ఇనుప గొట్టం తొడిగి, చేతికి మెత్తగా ఉండేలా గుడ్డ చుట్టి ఉంది. పిన్ని లాగితే ఆరూ సునాయాసంగా మోగాయి.

ఇప్పుడు కురామొచి వారం వారం వెళ్లి ఆ బండి చూసివస్తాడు. మొన్న అటు పోతుంటే పిన్ని నన్ను పిలిచి, టీ పోస్తూ బండి కిందికి జాలిగా చూసింది.

"పాపం, వీడికి వయసు మీద పడుతోందిరా. లెక్కలు తప్పుతున్నాడు. నేనే కాస్త కనిపెట్టుకుని ఉండాలి."

యాభై ఏడేళ్ల కురామొచి బండి కిందినుంచే బదులిచ్చాడు.

"అవును పిన్నీ, నువ్వుండబట్టి సరిపోయింది."