కొక్కెం కింద జాగా

కోయిలకుంట్లలో బీబమ్మ ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగినవాళ్లు కాసేపు ఓపిక పట్టాల్సిందే. గ్లాసులు లేక కాదు, ఉన్నవి మరీ ఎక్కువై. పెళ్లిళ్లకూ పేరంటాలకూ చుట్టాలు పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు సామాను ఆ ఇంట్లో గుట్టలుగా ఉండేది. ఎవరిచ్చిన గ్లాసులో వాళ్లకే నీళ్లివ్వాలని బీబమ్మ పంతం. పొరపాటున వేరేవాళ్ల గ్లాసు ఇచ్చామనుకోండి, వాళ్లు పేరు చదువుకుని "మాది ఏమైందమ్మా?" అని మూతి తిప్పుకుంటారని భయం. దాహంతో వచ్చిన మనిషి గడపలో నిలబడి ఉంటే ఈమె లోపల గ్లాసులు తిరగేస్తూ ఉండేది.

ఇల్లా, రెండే గదుల బండల మిద్దె. ముందు గదిలో మొగుడు మీరా హుస్సేన్ దూది ఏకి పరుపులు కుడతాడు. వెనక గది బీబమ్మది. ఆమెది అంటాం గానీ, అక్కడ ఆమె కాలు పెట్టే చోటు కూడా లేదు. ఒక ఇనుప మంచం, దాని మీద అట్టపెట్టెలు, పెట్టెల మీద ప్లాస్టిక్ కుర్చీలు. మహానంది తిరునాళ్లకు మొగుడు దిండ్లు అమ్మడానికి వెళితే, తోడు పోయిన ఈమె కొనుక్కొచ్చిన రబ్బరు పూలు. ఫోన్లో చూసి తెప్పించిన కూరగాయలు తరిగే యంత్రం కూడా ఉంది. అది ఉల్లిగడ్డతో పాటు వేలిని కూడా తరిగాక మళ్లీ పెట్టెలోకే పోయింది. మీరా హుస్సేన్ గొడవపడే మనిషి కాదు. సంచితో ఆమె గడప దాటినప్పుడల్లా, బజారులో ఇంకేమైనా మిగిల్చి వచ్చావా అని అడిగి, తన దూదిలో తాను పడిపోయేవాడు.

ఆ వెనక గది నడిమి దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. కూతురు శిరీన్‌ని ఆ కొక్కేనికి కట్టిన ఉయ్యాలలోనే ఊపి పెంచింది బీబమ్మ. ఇప్పుడు పై పెట్టెకూ ఆ కొక్కేనికీ మధ్య చెయ్యి కూడా పట్టదు.

శిరీన్‌ని కర్నూలులో రెహమాన్‌కు ఇచ్చారు. ఏడో నెల కడుపుతో ఒకసారి పుట్టింటికి వచ్చింది. వెనక గదిలో పడుకోవడానికి చోటు లేక ముందు గదిలో దూది మధ్య పడుకుని, తెల్లవార్లూ తుమ్ముతూనే ఉంది. పొద్దున బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు తల్లితో అనేసింది.

"అమ్మా, కాన్పుకు నేను కర్నూల్లోనే ఉంటాలే. మీ ఇంట్లో ఉయ్యాల కట్టేకి జాగా యాడుండాది? రెహమాన్ ఇనుప ఉయ్యాల ఒకటి ఫోన్లో చూసినాడు, తెప్పిస్తాడంట."

కోపంగా అన్నా బీబమ్మ ఇంత బాధపడేది కాదు. కూతురు చాలా మామూలుగా అంది. పైగా 'మీ ఇంట్లో' అంది. తొలి కాన్పుకు బిడ్డ పుట్టింటికి రాకపోవడమంటే, తల్లి చచ్చిన ఇళ్లలో జరిగే సంగతి. బస్సు కదిలిపోయాక కూడా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడిపోయింది.

ఈ సామాను పోగేయడం ఆమెకు పిచ్చి అనుకుంటే పొరపాటు. చిన్నప్పుడు వాళ్లింట్లో గ్లాసులు రెండే. చుట్టాలొస్తే పక్కింట్లో అడిగి తెచ్చేవాళ్లు. ఒక పండగనాడు చుట్టాలు పాయసం తాగుతూ ఉంటే పక్కింటి పిల్ల గుమ్మంలోకి వచ్చి, మా గ్లాసులు మాకు ఇచ్చేయమంటోంది మా అమ్మ అని అరిచింది. అప్పుడు తన తల్లి ముఖం ఎలా మాడిపోయిందో బీబమ్మ ఎన్నటికీ మర్చిపోలేదు. పెళ్లయి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పటి నుంచీ ఆమె కొంటూనే ఉంది. ఎంత కొన్నా ఆ ముఖం మాత్రం మనసులోంచి పోలేదు, పాపం.

ఏమైనా సరే, కూతురి కాన్పులోపు గది ఖాళీ చేయాలని పట్టు పట్టింది. మొదట పాత బట్టలు తీసేద్దామనుకుంది. ట్రంకు పెట్టె తిరగేసి పెద్ద మూట కట్టి, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే నాగక్క వీధిలో కేకేసేదాకా కాచుకుని ఉంది. నాగక్క గంప దించింది. ఇక్కడే వచ్చింది తంటా. ఊరికే తీసుకుపో అనాల్సిన నోరు, ఇంత మూటకు ఇంత చిన్న గిన్నేనా అంది! బేరమంటే బీబమ్మకు ప్రాణం. ఇద్దరూ గొంతులు పోయేదాకా ఆడి, చివరికి బీబమ్మే గెలిచింది. మూట పోయింది, పెళ్లి బిర్యానీ వండేంత డేకిసా ఇంట్లోకి వచ్చింది. ఎక్కడా చోటు లేక దాన్ని అట్టపెట్టెల మీదికి ఎక్కిస్తే, పోయి సరిగ్గా ఆ కొక్కేనికే తగిలింది. మీరా హుస్సేన్ నవ్వీ నవ్వీ దూది పోగు మీద పడ్డాడు.

బీబమ్మకు నవ్వు రాలేదు. ఆ కొక్కేన్ని చూస్తూ ఉంటే ఉయ్యాల గుడ్డ గుర్తొచ్చింది. తన తల్లి కట్టిన ఆకుపచ్చ నూలు చీర అది. ఉతికి ఉతికి వెన్నలాగా మెత్తబడింది. శిరీన్ ఊగింది ఆ చీరలోనే. ట్రంకు మళ్లీ వెతికింది. లేదు. తన చేతులతోనే మూటలో కట్టి ఇచ్చేసింది! నాగక్క ఉండేది బనగానపల్లెలో. ఉన్నపళాన డేకిసా నెత్తికెత్తుకుని బస్టాండుకు నడిచింది. బస్సులో కండక్టరు దీనికి కూడా టికెట్ కొడతానని ఆట పట్టించినా ఆమె దారి వంకే చూస్తూ కూర్చుంది.

నాగక్క ఇల్లు ఒకటే గది. బయట అరుగు మీద పాత బట్టలు రెండు కుప్పలుగా పడి ఉన్నాయి. బాగున్నవి వారపు సంతకు, చిరుగులున్నవి మెకానిక్ షెడ్లలో నూనె తుడిచే గుడ్డలకు. ముక్కలుగా చించిన కుప్పను బీబమ్మ రెండు చేతులా తిరగేసింది. తలెత్తి లోపలికి తొంగి చూస్తే గది మధ్యలో ఆకుపచ్చగా కనబడింది. ఆమె తల్లి చీరే. ఉయ్యాలగా కట్టి ఉంది. అందులో నాగక్క మనవరాలు బొటనవేలు చీకుతూ నిద్రపోతోంది.

"ఇంత మెత్తని చీర ఈ మధ్యన చూడలేదక్కా. అన్నీ గుచ్చుకునే బట్టలే వస్తాండాయి. చించను మనసొప్పక పాపకు కట్టినా," అంది నాగక్క. బీబమ్మ దేనికోసం వచ్చిందో తెలిశాక, పాపను దించడానికి గబుక్కున లేచింది. బీబమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూర్చోమ్మా. నిద్రపోయే బిడ్డను లేపి గుడ్డ లాక్కునేంత పాపిష్టిదాన్నా నేను?"

తానే కింద కూర్చుని ఉయ్యాల ఊపసాగింది. అప్పుడు చూసింది ఆ గదిని. రెండు కంచాలు, ఒక చెంబు, ఒక కుండ, గోడకు తగిలించిన గరిటె. ఊరూరా స్టీలు అమ్మే మనిషి ఇంట్లో అంతకు మించి ఏమీ లేదు. ఇదేమని అడిగితే నాగక్క నవ్వింది.

"పొద్దస్తమానం అవే నెత్తిన మోస్తాండా గదక్కా. ఇంటికొచ్చినాక గూడా వాటి ముఖమే చూడాల్నా?"

బీబమ్మ కూడా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. శిరీన్ మాట, కొక్కెం మాట అన్నీ చెప్పుకుంది. లేచేటప్పుడు, శుక్రవారం ఖాళీ గంపతో రమ్మనీ, పట్టినంత తీసుకుపొమ్మనీ, బదులుగా తనకు ఏమీ ఇవ్వొద్దనీ చెప్పింది. గిన్నె కోసం తనతో అంత బేరమాడిన మనిషేనా ఈమె అని నాగక్కకు అనుమానం వచ్చింది. కనీసం గరిటెనన్నా తీసుకోమంది. గరిటె కూడా వద్దంది బీబమ్మ. డేకిసా అక్కడే వదిలేసి వచ్చింది.

బస్టాండు పక్కన కొట్లో పసిపిల్లలకు నీళ్లు పోసే గులాబీ రంగు తొట్టి వేలాడుతోంది. చెయ్యి దానంతటదే పోయింది. పట్టుకుంది, తిప్పి చూసింది. ఎక్కడ పెడతావే, ఆ కొక్కెం కిందనేనా, అని తనను తానే తిట్టుకుంది. నిమ్మకాయ సోడా తాగి బస్సెక్కింది. ఇంటికి వట్టి చేతులతో వచ్చిన పెళ్లాన్ని చూసి మీరా హుస్సేన్ ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టి చూశాడు.

సర్దడం ఏమంత సుఖంగా సాగలేదు. ఒక పక్క ఆయన తీస్తూ ఉంటే ఇంకో పక్క ఈమె దాస్తూ వచ్చింది. మూత లేని టిఫిను డబ్బా ఒకటి మళ్లీ మళ్లీ ఆమె వీపు వెనకే దొరికింది. పేర్లు చెక్కిన సామాను నాగక్కకు పనికిరాదు, ఇంకొకరి పేరున్న గిన్నె ఎవరు కొంటారు? అప్పుడు మీరా హుస్సేన్‌కే తట్టింది. దర్గాలో కందూరి విందు చేసిన ప్రతిసారీ వడ్డించడానికి గిన్నెలు చాలవు. అక్కడ పెడితే ఇచ్చినవాళ్ల పేర్లు ఊరంతా చదువుతుంది, ఇంకెవరికి కోపమొస్తుంది? బీబమ్మ ఒక్కో పేరు చేత్తో తడిమి మరీ బండిలోకి ఎత్తింది. కొంచెం ఏడ్చింది కూడా. తల్లి వాడిన ఒక్క చెంబూ, పేర్లు లేని నాలుగు గ్లాసులూ మాత్రం ఉంచుకుంది.

శుక్రవారం నాగక్క వచ్చి గంప నింపుకుంది. పోతూ పోతూ ఒడిలోంచి మడత తీసి ఇచ్చింది. ఆకుపచ్చ చీరలో సగం. చింపిన అంచును చక్కగా మడిచి కుట్టింది. తాడు కాస్త పొడుగ్గా కట్టుకుంటే పసిబిడ్డకు సగం చీర చాలునంది.

ఆదివారం శిరీన్ చిన్న సంచితో వచ్చింది. కాన్పుకు కర్నూలులోనే ఉంటానని తండ్రికి కూడా ఓ మాట చెప్పి సాయంత్రానికి పోదామని. నీళ్లడిగితే వెంటనే వచ్చాయి. ఆశ్చర్యపోయి గ్లాసు తిప్పి చూసింది. పేరు లేదు. గ్లాసు పట్టుకునే వెనక గదిలోకి నడిచింది. గోడలు కనబడుతున్నాయి. కిటికీ ఒకటి ఉందన్న సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. నడుమ దూలానికి ఆకుపచ్చ ఉయ్యాల. అందులో చెయ్యి పెట్టి కిందికి నొక్కింది. కొక్కెం కిర్రుమంది. బీబమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సగమే ఉండాదేమ్మా చీర?" అంది శిరీన్, కుట్టిన అంచు తడిమి.

"రెండో సగంలో ఇంకో పాప పండుకోనుండాది, బనగానపల్లెలో."

శిరీన్ ఉయ్యాల మీద చెయ్యి తీయకుండానే ఫోను తీసి మొగుడికి చేసింది.

"రెహమాన్, ఆ ఇనుప ఉయ్యాల తెప్పించద్దు. నా బట్టలన్నీ సర్దుకోని రేపు రా. మా ఇంట్లో ఉయ్యాల కట్టేసినారు."