పదిహేడో పేజీలో చేప

మ్యూరియల్ ఆ యార్క్‌షైర్ ఊరి లైబ్రరీలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసింది. అందులో సగం కాలం రబ్బరుతోనే గడిచిందని చెప్పుకునేది. చదివిన నవలనే మళ్లీ పట్టుకెళ్లకుండా, ఊళ్లో ముసలమ్మలు హత్య కథల పుస్తకాల్లో పదిహేడో పేజీలో పెన్సిల్‌తో తలా ఒక గుర్తు పెట్టేవారు. వాళ్లలో విన్నీది బుల్లి చేప. మ్యూరియల్ పట్టుబట్టి అన్నిటినీ చెరిపేసేది.

“నీ రబ్బరు పుణ్యమా అని ఒకే హత్య మూడుసార్లు చదివానే తల్లీ! మూడుసార్లూ ఆ తోటమాలినే అనుమానించాను,” అని విన్నీ కౌంటర్ దగ్గర విరుచుకుపడేది.

విన్నీ పోయి ఆరేళ్లయింది. ఆ కేకలు లేని లైబ్రరీ మ్యూరియల్‌కు చప్పగా తోచేది. రిటైరయ్యాక కూడా శనివారాలు వచ్చి ఊరికే సాయం చేస్తోంది. ఈమధ్య ఆ పాత హత్య కథలనే కుర్రకారు కోసం తిరగరాసిన నవలలు వచ్చాయి. వాటిలో డిటెక్టివు పదహారేళ్ల పిల్ల, చేతిలో ఫోను.

ఒక శనివారం విన్నీ మనవరాలు టిల్లీ అలాంటి నవల ఒకటి తిరిగిచ్చింది. మ్యూరియల్ అలవాటు కొద్దీ పదిహేడో పేజీ తిప్పింది. బుల్లి చేప!

“ఇదేం పనే? మీ అమ్మమ్మ నేర్పిందా?”

“లేదు ఆంటీ. ఈ కథకి అసలు పాత పుస్తకం కూడా చదివాను. మీరు చెరిపేసినా పెన్సిల్ గాడి పోలేదు. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అమ్మమ్మ ఎప్పుడూ గీసే చేప కనబడింది.”

“అబ్బో, పెద్ద డిటెక్టివువే! మరి హంతకుణ్ణి పట్టుకున్నావా?”

“ఎక్కడ! చివరిదాకా తోటమాలే అనుకున్నా.”

మ్యూరియల్ రబ్బరు కోసమన్నట్టు సొరుగు లాగి, తల వంచి చాలాసేపు వెతికింది. రబ్బరు పైనే ఉంది.