అద్దంలో కాలువ

మొన్న మనవరాలు గది సర్దుతూ, "నాన్నమ్మా, ఈ అద్దం పారేద్దామా? రసమంతా ఊడిపోయింది" అంది. "ముందు నన్ను పారేసి రా, తర్వాత అద్దం సంగతి చూద్దాం" అన్నాను. అంచులు మరకలు పట్టినా మధ్యలో మొహం కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి! నరసాపురం దగ్గర మా పుట్టింటి నుంచి నాతో పాటే మొగల్తూరు వచ్చిన అద్దం అది. పైగా మా మరిది కవిత్వమంతా ఒకప్పుడు అందులోనే ఉండేది.

మరిది బడిపంతులు. రాగం తీసి పాడుకోవడానికి వీల్లేని ఈకాలపు కవిత్వం రాసేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ వరుసలు పచారీ సామాన్ల చీటీలా కనిపించేవి. ఏం రాసినా అందులో మా ఇంటి వెనక కాలువ ఉండాల్సిందే. గట్టున కూర్చుని చూస్తే గానీ కలం కదిలేది కాదు. తొంభైల్లో ఒక వానాకాలం సైకిలు మీంచి పడి, నడుం విరిగి మంచాన పడ్డాడు. ఇరుకు గది. కాలువ వైపు కిటికీ దక్షిణాన, సరిగ్గా అతని తల వెనక. కాలువ కనపడక రాయడం మానేశాడు. తర్వాత అన్నం కూడా వద్దనడం మొదలుపెట్టాడు.

"మంచం ఇటు తిప్పించండి వదినగారూ, కాలువ చూస్తాను."

"ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టమంటావా? నా కంఠంలో ప్రాణముండగా జరగదు. ముందు ఆ చారన్నం తిను, నెయ్యి ఊరికే రాలేదు."

అన్నానే గానీ, వంటింట్లోకి వచ్చాక నాకూ ముద్ద దిగలేదు. పుట్టింటి అద్దం తీసుకెళ్ళి, అతని కాళ్ళ వైపు గోడకి మేకు కొట్టి, కాస్త ముందుకు వంచి తగిలించాను. అద్దంలో కిటికీ, కిటికీలో గట్టు, గుర్రపుడెక్క పూలు, నీళ్ళు. తర్వాత కలం అడిగాడు.

కొన్నాళ్ళకి రాసింది చదివి వినిపించాడు. అందులో మా కాలువ దిగువకి పోవడం మానేసి, నరసాపురం వైపు వెనక్కి పారుతోంది! అద్దం కదా, కుడి ఎడమైంది.

"నీళ్ళు ఎక్కడైనా ఎగువకి పోతాయా? రైతులు నవ్విపోతారు, దిద్దెయ్."

"కాలువ ఎటు పోతుందో రైతులకి తెలుసు కదండీ. నాకు ఎటు కనిపించిందో నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

దిద్దలేదు. ఆ పూట మాత్రం మారు అడిగి తిన్నాడు. నేనింక ఆ ఊసెత్తలేదు.

మంచం దిగకుండానే పోయాడు. ఇప్పుడా మంచం నాది. మధ్యాహ్నం నడుం వాలిస్తే అద్దంలో కాలువ నరసాపురం వైపు పోతుంటుంది. నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలియక కాదు. కానీ పడుకుని చూస్తుంటే నా ఏళ్ళు కూడా అటే, పుట్టింటి వైపే, పారుతున్నట్టు కనిపిస్తాయి. నేనూ దిద్దడం మానేశాను.