మధ్యలో సందున్న అక్షరాలు

మా ఇంట్లో ఒక పాత లేజర్ ప్రింటరు ఉంది. మూసేస్తున్న జెరాక్స్ కొట్టు నుంచి తెచ్చుకున్నాను. నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను. పక్క ఊళ్ళు సేత్తూరు నుంచీ తళవాయిపురం నుంచీ బస్సెక్కి వచ్చే పిల్లలకు ప్రశ్నపత్రాలు తీసివ్వడానికి దానంత మొండి ఘటం మరొకటి దొరకదు. అలాంటిది పోయిన ఏడాది దసరా తర్వాత పేచీ మొదలుపెట్టింది. కాగితం పైనుంచి కిందిదాకా, చిటికెన వేలు వెడల్పున, ఒకచోట అచ్చు పడడం మానేసింది. నల్ల గీత అయితే వెంటనే కనపడి తిట్లు తినేది. ఇది తెల్ల గీత. అక్షరాన్ని కోసిన చోట తప్ప అది ఉన్నట్టే తెలియదు.

తెలిసిన భాషలో అక్షరం కాస్త తెగినా కన్ను దాటి వెళ్ళిపోతుంది. నేనూ దాటేశాను, పిల్లలూ దాటేశారు. దాటలేకపోయింది మా అత్త ఒక్కతే.

అత్త అంటే మేనత్తే, మా నాన్నకు అక్క. చిన్నప్పటి నుంచీ నువ్వు అనే అలవాటు, ఆమె కొడుకును చేసుకున్నాక కూడా పోలేదు. తమిళనాడులోని రాజపాళయంలో మా ఇళ్ళల్లో లేస్తే తెలుగే, తిట్టుకున్నా తెలుగే. చదివేదీ రాసేదీ మాత్రం తమిళం. నాకు తెలుగు చదవడం వచ్చిందంటే మా ఆయన మిల్లు ఉద్యోగం కొన్నేళ్ళు నెల్లూరులో ఉండబట్టి. అత్తకు డెబ్బై ఏళ్ళ దాకా ఆ అవసరం రాలేదు. అంతకు ముందు ఏడాది తిరుపతిలో, క్యూలో పక్కనున్న ఆవిడ బోర్డు మీద ఏం రాసి ఉందో చెప్పమంది. "నాకు తెలుగు చదవను రాదమ్మా" అంది అత్త, అచ్చ తెలుగులో. ఆవిడ నవ్వేసింది. చెడ్డ నవ్వేం కాదు, కానీ అత్త మొహం మాడిపోయింది. మళ్ళీ మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తిరుపతి వెళ్ళినప్పుడు ఒక్క బోర్డైనా ఎవరినీ అడక్కుండా చదివి తీరాలని పట్టుబట్టింది.

విజయదశమి నాడు మొదలుపెడితే అక్షరాలు బాగా వస్తాయని మా నమ్మకం, మూడేళ్ళ పిల్లకైనా డెబ్బై ఏళ్ళ పిల్లకైనా. ఆ పొద్దున పళ్ళెంలో బియ్యం పోసి, అత్త వేలు పట్టుకుని దిద్దించాను. తర్వాత వరసకు నాలుగు చొప్పున పెద్దపెద్ద అక్షరాలు ప్రింటు తీసిచ్చాను. అత్త పలక కొనుక్కుని వచ్చి వాటిని చూసి దిద్దుతూ కూర్చునేది.

ప్రింటరుతో నా పోరు నాది. టోనరు పొడి అయిపోవచ్చినప్పుడు అచ్చు ఇలా వెలిసిపోవడం మామూలే కాబట్టి డబ్బా తీసి అటూ ఇటూ ఊపాను. గుణం లేదు. కొత్త డబ్బా వేశాను. గీత చెక్కుచెదరలేదు. మా ఆయన వచ్చి, "కొంచెం ఆయిల్ ఏసి చూడరాదా" అన్నారు. స్పిన్నింగ్ మిల్లు మనిషికి లోకంలోని అన్ని జబ్బులకూ ఆయిలే మందు. నేను చూసిన చూపుకు కాఫీ వంకతో లోపలికి వెళ్ళిపోయారు. చదవడానికి వస్తోంది కదా, చాల్లే అని నేనూ ఊరుకున్నాను.

దీపావళి దగ్గరపడుతుండగా అత్త పలక తీసి బీరువా మీద పెట్టేసింది. గోడనున్న తిరుపతి క్యాలెండరు చూపించింది. "ఆ అక్షరాలు వేరే మాదిరి ఉండాయి, నేను నేర్చుకునేవి వేరే మాదిరి ఉండాయి. నా తలకాయలోకి ఎక్కదమ్మా. ఇంక వద్దు." గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. మా అత్త కోప్పడలేదంటే ఆశ వదులుకుందని అర్థం.

ఆమెకు రాని కోపం నాకు వచ్చింది. పలక దించి చేతిలో పెట్టి, రాయి చూస్తాను అన్నాను. రాసింది. మొదటి అక్షరం ముత్యంలా ఉంది. రెండోది రెండు ముక్కలు. ఎడమ ముక్క, మధ్యలో చిటికెన వేలంత సందు, కుడి ముక్క. మూడూ నాలుగూ బాగున్నాయి. కింది వరసలోనూ రెండోది ముక్కలే.

"ఈ సందేంది అత్తా?"

"నువ్వు ఇచ్చిన పేపర్లో అట్లే కదా ఉండాది. ఆ సందు విడిచి రాసేదే నాకు కష్టం. ఒక్కోసారి తాకిపోతాది, తుడిచి మళ్ళా రాస్తాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చదవడం వచ్చినవాళ్ళం మేం దాటేసిన సందును ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. ఇక ఆ యంత్రం అంతు తేల్చకుండా వదలదలచుకోలేదు. ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, ముందు తలుపు తెరిచి, టోనరు డబ్బా బయటపెట్టి, టార్చి వేసుకుని తల దూర్చాను. లోపల సన్నటి అద్దపు పట్టీ ఒకటి ఉంది. అక్షరాలు గీసే వెలుగు దానిలోంచే వస్తుంది. ఆ అద్దం మీద ఒక పక్కగా గంధం బొట్టు, గంధం మీద కుంకుమ.

విజయదశమికి ముందు రోజు, ఆయుధపూజ నాడు, మా ఊళ్ళో బొట్టు పడని వస్తువు ఉండదు. మిక్సీ, స్కూటరు, కుట్టు మిషను, ఆఖరికి నా కత్తెర కూడా. ప్రింటరు పైన పెట్టిన బొట్టు నేనే తుడిచాను. లోపల ఇంకొకటి ఉంటుందని ఎవరనుకుంటారు?

"అత్తా, దీని లోపల బొట్టు ఎవరు పెట్టినారు?"

"నేనే పెట్టినాను. పేపర్ లోపల మాట్టుకుని ఆగిపోయినప్పుడంతా నువ్వు తెరుస్తావు కదా, చూసినాను. పైన ఉండేది వట్టి డబ్బా. పని చేసేది లోపల. ఆ కన్నాడి అద్దం దాని కన్ను మాదిరి మెరస్తా ఉండాది. దానికి పెట్టకుంటే ఎవరికి పెట్టేది?"

"కంట్లోనా బొట్టు పెట్టేది?"

అత్త వంగి అద్దం వైపు తొంగిచూసింది. "అది సరే" అంది.

పాత పంచె ముక్కతో, తడి లేకుండా, అద్దాన్ని మెల్లగా తుడిచాను. కొత్త కాగితం తీసి అత్తకు ఇచ్చాను. రెండో అక్షరం మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా ఆగకుండా దిద్దింది. "నాకు బుద్ధి చాలదు అనుకునేసినాను" అంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

మార్గళిలో తిరుపతి వెళ్ళాం. సత్రం మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకి పోబోతుంటే అత్త గోడ ముందు నిలబడిపోయింది. పిలవబోయి ఆగాను. పెదవులు కదులుతున్నాయి.

"ఇచ్చట అంటే ఏంది?"

"ఈడ అని."

మళ్ళీ గోడ వైపు తిరిగింది. వెనక జనం తోసుకుంటున్నారు, మా ఆయన గొణుగుతున్నారు. ఆమె కదలలేదు. చివరి మాట కూడబలుక్కుని, అప్పుడు మొత్తం ఒక్క గుక్కలో, వీధంతా వినేటట్టు చదివింది. "ఇచ్చట చెప్పులు విడువరాదు."

చదివి, మా కాళ్ళ పక్కన విడిచిన చెప్పుల వైపు చూసింది. "ఇంకా ఏంది చూస్తారు? రాసి ఉండాది కదా, చేతికి తీసుకోండి" అంది. డెబ్బై ఏళ్ళకు ఆమె చదివిన మొదటి తెలుగు మాటకు కట్టుబడి, ఇంటిల్లిపాదీ చెప్పులు చేతబట్టుకుని ఆమె వెనక నడిచాం.