అవనిగడ్డలో లినక్స్ మోడెమ్, వరండాలో ఫోను

2001లో గుడివాడలో నాకొక చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు ఉండేది. విండోస్‌కి బదులుగా కంప్యూటర్ని నడిపే లినక్స్ ఆ చుట్టుపక్కల తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని చెప్పుకునేవాణ్ణి. కాదనాలంటే ఇంకొకరికి లినక్స్ తెలియాలి కదా.

ఒక ఉదయం అవనిగడ్డ నుంచి ఎస్తేరురాణి గారు ఫోన్ చేశారు. ఆవిడ బోటనీ లెక్చరర్, హంసలదీవి దగ్గర ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. చివరి అధ్యాయం ఆ సాయంత్రంలోగా ఈమెయిల్లో అందకపోతే గైడు గారు విదేశాలకు వెళ్లిపోతారు, థీసిస్ మరో ఏడాది వెనక్కి పోతుంది. ఊళ్లో నెట్ సెంటర్ ఆ వారం మూసి ఉంది. ఆవిడ కంప్యూటర్లో ఉన్నది లినక్స్. లోపల బిగించే మోడెములు చాలావాటికి దానితో పడదు. అందుకని ఎక్స్‌టర్నల్ మోడెమ్, అంటే టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ తెచ్చే డబ్బా, సంచిలో వేసుకుని బస్సెక్కాను.

రాణి గారింట్లో కంప్యూటర్ వెనకున్న సీరియల్ పోర్టుకి కేబుల్ బిగించగానే లినక్స్ మోడెమ్‌ని గుర్తుపట్టింది. ఆ ఊరి ఎక్స్ఛేంజీకి పల్స్ డయలింగే తెలుసు, పాత చక్రం ఫోనులా నంబరు టకటకా కొట్టి చెప్పాలి. అదీ మార్చాను. డయల్ అయింది, వెంటనే 'నో కారియర్' అని వచ్చింది, అంటే లైను తెగింది. మళ్లీ అంతే. స్పీడు తగ్గించాను, కేబుల్ మార్చాను, తెలిసిన కమాండ్లయ్యాక తెలియనివీ కొట్టాను. రాణి గారు మర్యాదగా కాఫీ ఇచ్చి, గడియారం వంక చూశారు.

చివరికి మోడెమ్ స్పీకర్ ఆన్ చేసి విన్నాను. టకటకలయ్యాక మోడెమ్ స్పష్టమైన తెలుగులో, "హలో, ఎవరండీ?" అంది.

వరండాలోకి పరిగెత్తాం. అదే లైను మీదున్న ఇంకో ఫోను పక్కన రాణి గారి అత్తగారు సువార్తమ్మ గారు కూర్చుని ఉన్నారు. మోడెమ్ నంబరు కొట్టినప్పుడల్లా ఆ ఫోను గంట సన్నగా మోగుతోంది. వీధి మొత్తానికీ పీపీ నంబరు అదే. ఎవరికి ఫోనొచ్చినా ఎత్తి, వాళ్లింటికి వెళ్లి పిలిచేది ఆవిడే.

"ఇందాకట్నుంచీ ఎవరో చేస్తున్నారు బాబూ. గొంతు పోయినట్టుంది పాపం, గరగర తప్ప మాట లేదు," అన్నారు.

"అది మా మోడెమండీ. కాసేపు ఎత్తకండి."

"ఎత్తకపోతే ఎట్లా? ఎదురింటి పిల్ల కాన్పుకని బందరు ఆస్పత్రిలో ఉంది. మోగే ఫోను చూస్తూ కూర్చోమంటావా?"

దీనికి కమాండ్ కోసం నేను రాణి గారి వంక చూశాను.

రాణి గారు ఆవిడ పక్కన కూర్చున్నారు. "అత్తయ్యా, ఈసారి మోగేది నాకు. నా చదువు కోసం."

ఆవిడ కోడలి వైపు తిరిగారు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నారు. "నువ్వూ గబగబా కానియ్యి బాబూ. ఎదురింటివాళ్లకి కబురు రావాలి."

గంట మోగింది. ఆవిడ ఎత్తలేదు. అధ్యాయం వెళ్లింది.

అప్పట్లో నేర్చుకున్న కమాండ్లు ఇప్పుడెవరికీ అక్కర్లేదు. ఏ ఇంటికెళ్లినా స్క్రూడ్రైవర్ తీసేముందు, ఆ లైను మీద ఇంకెవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో అడగడం మాత్రం అలవాటైంది. థీసిస్ ఆమోదం పొందాక రాణి గారు నాకొక ప్రతి పంపారు. కృతజ్ఞతల పేజీలో గైడు గారి తర్వాత ఉన్నది సువార్తమ్మ గారి పేరు, 'ఫోను ఎత్తనందుకు' అని. నా కృతజ్ఞత కూడా అందులోనే కలుపుకోవాలని మనవి.